'అనుదినాహారము' వెనుక ఉన్న గ్రీకు మాట: ఎపియూసియోస్ అంటే ఏమిటి?

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." పరలోక ప్రార్థనలోని ఈ వాక్యం ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లకే కాదు, మిషన్ స్కూల్లో చదువుకున్న ఎంతోమందికి కంఠతా వచ్చు. ప్రార్థన మొత్తంలో చిన్నపిల్లలకు కూడా వెంటనే అర్థమయ్యేది ఇదే. తీరా గ్రీకు మూలం తెరిచి చూస్తే, పండితులు ఎక్కువగా తలపట్టుకున్నదీ ఈ వాక్యం దగ్గరే. మన బైబిల్లో 'అనుదిన' అని ఉన్న చోట గ్రీకులో ఉన్న మాట ఎపియూసియోస్. దాని అర్థం గురించిన చర్చ 3వ శతాబ్దంలో మొదలై ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

ఇప్పుడు ఈ మాట యూట్యూబ్ ప్రసంగాల్లోకి, వాట్సాప్ సందేశాల్లోకి కూడా వచ్చేసింది. "గ్రీకులో అసలు అర్థం ఇది" అంటూ ఒకరు 'రేపటి రొట్టె' అంటారు. ఇంకొకరు 'లోక పదార్థాలకు మించిన రొట్టె' అంటారు. 'అనుదిన' అన్నది తప్పుడు అనువాదమని తేల్చేసేవాళ్లూ ఉన్నారు. చిన్నప్పటి నుంచి అదే మాటతో ప్రార్థిస్తున్నవాళ్లకు ఇది వింటే మనసు కలుక్కుమంటుంది. ఈ వాదనల్లో దేనికీ ఆధారం లేదని అనలేం. అలాగని దేన్నీ 'అసలు అర్థం ఇదే' అని కొట్టి చెప్పనూలేం. ఎందుకో మొదటి నుంచి చూద్దాం.

ప్రార్థన బయట దొరకని మాట

గ్రీకులో మత్తయి 6:11ను పదం వెంట పదం తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: "మా రొట్టెను, ఆ ఎపియూసియోస్ రొట్టెను, మాకు ఇవ్వు నేడు." లూకా 11:3లో కూడా ఇదే మాట ఉంది, కాకపోతే 'నేడు' బదులు 'దినదినము' అని ఉంటుంది. క్రియలోనూ తేడా ఉంది. మత్తయిలోది ఒక్కసారి ఇవ్వమని అడగడం, లూకాలోది ఇస్తూ ఉండమని అడగడం. వీటి తర్వాత ఈ మాట ఆదిమ సంఘపు బోధల చిన్న పుస్తకం 'డిడాకే' 8వ అధ్యాయంలో వస్తుంది. అక్కడా ఉన్నది ఇదే ప్రార్థన.

అంతే. ఈ ప్రార్థన పుట్టకముందు గ్రీకులో ఎవరూ ఈ మాట వాడిన దాఖలా లేదు. హోమరు నుంచి మొదలుపెడితే నాటకాలు, చరిత్రలు, వైద్య గ్రంథాలు, ఈజిప్టు ఇసుకలో దొరికిన ఉత్తరాలు, బిల్లులు, ఒప్పంద పత్రాల దాకా గ్రీకు రాతలు మనకు కొండంత మిగిలాయి. వాటిలో ఎపియూసియోస్ లేదు. ఇది ఇప్పటివాళ్లు మాత్రమే గమనించిన సంగతి కూడా కాదు. 3వ శతాబ్దంలో, గ్రీకే మాతృభాషగా పెరిగిన క్రైస్తవ పండితుడు ఓరిజెన్, ప్రార్థన గురించి రాసిన గ్రంథంలో ఈ విషయం సూటిగా చెప్పాడు: ఈ మాట పండితుల రాతల్లోనూ లేదు, సామాన్యుల వాడుకలోనూ లేదు, సువార్తికులే దీన్ని తయారు చేసినట్టుంది.

దీన్నిబట్టి ఇంకో ప్రశ్న వస్తుంది. 'రోజువారీ' అని చెప్పడమే ఉద్దేశమైతే గ్రీకులో మాటలకు కొరత లేదు. అపొస్తలుల కార్యములు 6:1లో విధవరాండ్రకు జరిగే 'అనుదిన పరిచర్య' గురించి ఉంది. అక్కడ గ్రీకులో ఉన్నది కథెమెరినోస్ అనే మాట. యాకోబు 2:15లో ఆ పూటకు తిండి లేనివాళ్ల ప్రస్తావన ఉంది, అక్కడి మాట ఎఫెమెరోస్. రెండూ జనం నోళ్లలో నానిన మాటలే. వాటిని వదిలేసి ఎవరూ వినని మాటను ఎందుకు ఎంచుకున్నట్టు? యేసు మాట్లాడింది అరమాయిక్ భాష. ఆయన నోట వచ్చిన అరమాయిక్ మాట ఏదో మనకు మిగల్లేదు. దాన్ని గ్రీకులోకి తెచ్చినవాళ్లకు ఉన్న మాటలేవీ సరిపోలేదని మాత్రం ఊహించవచ్చు.

ధాతువు 'ఉండటమా', 'వెళ్లటమా'?

వాడుక దొరకనప్పుడు పండితులకు మిగిలే దారి వ్యుత్పత్తి, అంటే మాటను విడగొట్టి చూడటం. ఎపియూసియోస్‌లో 'ఎపి' అనే ఉపసర్గ ఉందని అందరూ ఒప్పుకుంటారు. 'మీద', 'కోసం', 'వైపు' వంటి అర్థాలిస్తుంది. గొడవంతా మిగతా ముక్క గురించే.

సంస్కృతం కాస్త తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సంస్కృతంలో 'ఉండు' అనే అర్థానికి 'అస్' ధాతువు ఉంది (అస్మి, అస్తి), 'వెళ్లు' అనే అర్థానికి 'ఇ' ధాతువు ఉంది (ఏమి, ఏతి). గ్రీకులో ఈ రెండింటికీ తోబుట్టువుల్లాంటి ధాతువులున్నాయి. అక్కడ 'నేను ఉన్నాను', 'నేను వెళ్తాను' అనే రూపాలు రెండూ దాదాపు ఒకేలా 'ఎయిమి' అని వినిపిస్తాయి. ఎపియూసియోస్‌లో ఉన్నది 'ఉండు' ధాతువైతే అర్థం ఉనికి వైపు, అవసరం వైపు వెళ్తుంది. 'వెళ్లు, వచ్చు' ధాతువైతే 'వచ్చే రోజు' వైపు వెళ్తుంది. ఈ పేచీ మొత్తం ఆ ఒక్క ముక్క దగ్గరే ఉంది.

ఉనికికి కావలసిన రొట్టె

'ఉండు' ధాతువు నుంచి గ్రీకులో ఊసియ అనే నామవాచకం వచ్చింది. ఉనికి, సారం, పదార్థం, ఆస్తి అనే అర్థాలన్నీ దానికి ఉన్నాయి. ఎపి + ఊసియ అని విడగొడితే 'ఉనికి కోసం', అంటే బతకడానికి అవసరమైన రొట్టె అవుతుంది. సిరియక్ భాషలోని పెషిత్తా అనువాదం ఈ దారిలోనే 'మా అవసరపు రొట్టె' అంది.

ఓరిజెన్ కూడా ఊసియ నుంచే తీసుకున్నాడు, కానీ ఇంకా లోతుకు వెళ్లాడు. యేసు ఏదో మామూలు తిండి అడగమని చెప్పి ఉంటాడా అన్నది ఆయన సందేహం. మనిషి సారంలో కలిసిపోయి ఆత్మకు బలమిచ్చే రొట్టె ఇది అన్నాడు. యోహాను 6వ అధ్యాయంలోని 'జీవాహారము'తో దీన్ని కలిపి చదివాడు. పాత నిబంధన గ్రీకు అనువాదంలో ఇశ్రాయేలు ప్రజలను దేవుని స్వకీయ సంపాద్యంగా చెప్పేచోట (నిర్గమకాండము 19:5) పెరియూసియోస్ అనే మాట ఉంది. ఇవి రెండూ ఒకే అచ్చులో పోసిన మాటలని ఆయన వాదన.

ఈ వ్యుత్పత్తికి ఒక వ్యాకరణ చిక్కు ఉంది. గ్రీకులో 'ఎపి' తర్వాత అచ్చు వస్తే మామూలుగా 'ఇ' లోపిస్తుంది. ఎపి + ఊరానోస్ (ఆకాశం) కలిస్తే 'ఎపూరానియోస్' అవుతుంది, 'పరలోక సంబంధమైన' అని అర్థం. ఆ లెక్కన ఎపి + ఊసియ కలిసి 'ఎపూసియోస్' కావాలి. మధ్యలో 'ఇ' మిగలకూడదు. మన ఇకార సంధి తెలిసినవాళ్లకు దీనికి జవాబు కూడా తట్టే ఉంటుంది. ఏమి + అంటివి 'ఏమంటివి' అవుతుంది, 'ఏమియంటివి' అని కూడా ఉండిపోవచ్చు. గ్రీకులో కూడా 'ఎపి'లోని ఇకారం నిలిచిపోయిన మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి పాతకాలపు వేరే కారణాలు చెబుతారన్నది నిజమే. అందువల్ల ఈ అభ్యంతరం బలమైనదే గాని, వాదాన్ని పూర్తిగా కొట్టేసేంత కాదు.

జెరోము ఒకే మాటకు రాసిన రెండు మాటలు

ఈ చర్చలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది లాటిన్ బైబిలు అనువాదకుడు జెరోము చేసిన పని. 4వ శతాబ్దం చివర్లో, 384 ప్రాంతంలో, ఆయన రోములో లాటిన్ సువార్తలను గ్రీకుతో పోల్చి సరిదిద్దాడు. అప్పటికే వాడుకలో ఉన్న పాత లాటిన్ బైబిలులో ఈ చోట 'కోటిడియానుమ్' అని ఉంది, అంటే రోజువారీ. లూకాలో జెరోము దాన్ని అలాగే ఉంచాడు. మత్తయిలో మాత్రం తీసేసి 'సూపర్‌సబ్‌స్టాన్షియాలెమ్' అనే మాట పెట్టాడు. 'ఎపి'కి 'సూపర్', 'ఊసియ'కు 'సబ్‌స్టాన్షియా': గ్రీకు ముక్కలను లాటిన్ ముక్కలుగా మార్చి అతికించాడు. 'సారాన్ని మించిన' అని దాని భావం. గ్రీకులో ఒకే మాట, ఒకే ప్రార్థన, అనువదించింది ఒకే మనిషి, ఫలితం మాత్రం రెండు మాటలు.

ఆ కాలాన్ని కూడా గుర్తుంచుకోవాలి. 325లో సంఘ నాయకులు సమావేశమైన నికయ సభ, కుమారుడు తండ్రితో 'ఒకే ఊసియ' గలవాడని ప్రకటించింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు సంఘమంతా ఆ మాట చుట్టూనే వాదులాడుకుంది. అలాంటి వాతావరణంలో ప్రార్థనలోనూ ఊసియ వినిపిస్తే చెవులు ఎటు వెళ్తాయో ఊహించడం కష్టం కాదు.

తర్వాత కథ విచిత్రంగా నడిచింది. పండితుల చేతిలోని లాటిన్ బైబిల్లో మత్తయి దగ్గర జెరోము కొత్త మాట ఉండిపోయింది. పూజలో జనం పలికే ప్రార్థనలో పాత 'కోటిడియానుమ్' ఉండిపోయింది. 1582లో లాటిన్ నుంచి చేసిన ఇంగ్లీషు కతోలిక అనువాదం కూడా మత్తయిలో జెరోము మాటనే ఇంగ్లీషు పలుకుబడిలో దింపింది. ప్రార్థన మాత్రం మారలేదు.

వచ్చే రోజు రొట్టె

ఇక 'వెళ్లు, వచ్చు' ధాతువు సంగతి. ఈ వ్యుత్పత్తికి గట్టి సాక్ష్యం కొత్త నిబంధనలోనే ఉంది. ఎపియూసియోస్ అరుదైన మాటే గాని, దానికి దగ్గరి చుట్టమనిపించే 'ఎపియూస' మామూలు మాట. 'వచ్చే (రోజు)' అని అర్థం. పౌలు బృందం త్రోయలో ఓడ ఎక్కి సమొత్రాకేకు, 'మరునాడు' నెయపొలికి చేరిందని అపొస్తలుల కార్యములు 16:11 చెబుతుంది. ఆ 'మరునాడు' గ్రీకులో ఎపియూసే. అపొస్తలుల కార్యములు రాసింది లూకా సువార్త రాసిన రచయితే కాబట్టి ఈ సాక్ష్యానికి ఇంకా బరువుంది. సామెతలు 27:1 గ్రీకు అనువాదంలోనూ, రేపటి గురించి అతిశయపడవద్దు, 'ఎపియూస' ఏం కంటుందో నీకు తెలియదు అని ఉంది. 'ఇ' ఎందుకు మిగిలిందన్న చిక్కు కూడా ఇక్కడ రాదు. ఆ 'ఇ' ధాతువుదే.

జెరోము ఇంకో ఆధారం మిగిల్చాడు. మత్తయి మీద రాసిన వ్యాఖ్యానంలో, హెబ్రీయుల సువార్త అనే పుస్తకంలో (అది ఇప్పుడు మనకు దొరకదు) ఈ చోట 'మాహర్' అనే మాట చూశానని, దాని అర్థం 'రేపటి' అని రాశాడు. ఈజిప్టు క్రైస్తవుల కోప్టిక్ భాషలోని బొహైరిక్ అనువాదం కూడా 'రేపటి రొట్టె' అనే అంటుంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం అందరికీ తెలిసిందే. అదే అధ్యాయం 34వ వచనంలో "రేపటినిగూర్చి చింతింపకుడి" అని ఉంది కదా, రేపటి రొట్టె అడగమని ఎలా చెబుతాడు? జవాబు చెప్పేవాళ్లు దినకూలీ బతుకును చూపిస్తారు. మత్తయి 20లో ద్రాక్షతోట పనివాళ్లకు రోజుకు ఒక దేనారం కూలి, అది చేతికొచ్చేది పొద్దు గుంకాక. ఆ సాయంత్రం అందే డబ్బుతో కొనే గింజలు తెల్లారి రొట్టె అవుతాయి. రాత్రి పడుకునే ముందు రేపటి రొట్టె ఇంట్లో ఉంటేనే రేపటి చింత ఉండదు. పైగా యూదులకు రోజు మొదలయ్యేది సాయంత్రంతోనే. డిడాకే ఈ ప్రార్థనను రోజుకు మూడుసార్లు చేయమంటుంది. పొద్దున్నే పలికితే 'వచ్చే రోజు' అంటే అప్పుడే మొదలవుతున్న ఈ రోజు, రాత్రి పలికితే రేపు.

20వ శతాబ్దంలో జర్మన్ పండితుడు యోఆకిం యెరెమియాస్ వంటివారు ఈ 'రేపు'ను ఇంకా సాగదీశారు. అది దేవుని రాజ్యం వచ్చే రేపు, అడుగుతున్నది ఆ రాజ్యపు విందులోని రొట్టెను ఈ రోజే రుచి చూపించమని అన్నారు. "నీ రాజ్యము వచ్చుగాక" అన్న పైవాక్యంతో ఇది చక్కగా అతుకుతుంది. అయితే వెంటనే వచ్చే మాటలు అప్పుల గురించి, శోధన గురించి, అంటే ఈ లోకపు బతుకు గురించి. నడుమ రొట్టె ఒక్కటే పరలోకపు రొట్టె కావాలా అన్నది నా సందేహం. జెరోము చూసిన హెబ్రీయుల సువార్త కూడా గ్రీకు నుంచి తిరగరాసినదే అయ్యుండవచ్చని చాలామంది అనుమానం. అదే నిజమైతే 'మాహర్' యేసు నోటి మాట కాదు, మనలాగే ఈ మాటతో తంటాలుపడిన ఇంకొక అనువాదకుడి నిర్ణయం.

దొరికిందనుకున్న పపైరస్

ఇంత చర్చ జరుగుతుండగా, ఈ మాట ప్రార్థన బయట ఒకచోట దొరికిందన్న వార్త వచ్చింది. ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో హవారా దగ్గర పురావస్తు పరిశోధకుడు ఫ్లిండర్స్ పెట్రీ జరిపిన తవ్వకాల్లో ఒక పపైరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) ముక్క బయటపడింది. అది ఏదో ఇంటి సరుకుల ఖర్చు జాబితా. దాన్ని చదివి 1889లో అచ్చు వేసినవారు ఎ. హెచ్. సేస్. ఒక పద్దు దగ్గర ఎపియూసియోస్‌లా కనిపించే సగం మాట ఉన్నట్టు ఆయన చదివారు. 1925లో ఆల్బర్ట్ డెబ్రున్నర్ దాన్ని అందరి దృష్టికీ తెచ్చాడు. సరుకుల జాబితాలో ఈ మాట ఉందంటే అది 'రోజువారీ రేషన్' అనే అర్థంలో జనం వాడిన మాటే అయ్యుండాలి. పదిహేడు వందల ఏళ్ల చిక్కుముడి ఒక కిరాణా పద్దుతో విడిపోయినట్టే అనిపించింది. వ్యాఖ్యానాల్లోకి, నిఘంటువుల్లోకి ఈ సంగతి ఎక్కేసింది.

మళ్లీ చూసి నిర్ధారించుకుందామంటే ఆ పపైరస్ కనిపించకుండా పోయింది. 1950ల చివర్లో కొత్త నిబంధన పండితుడు బ్రూస్ మెట్జర్ దాని కోసం గాలించి, దొరక్క, చేతిలో లేని ఆధారం మీద ఇంత నమ్మకం మంచిది కాదని హెచ్చరించారు. చివరికి అది 1998లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం బైనెకీ గ్రంథాలయంలో బయటపడింది. మరుసటి ఏడాది నైమన్, వర్ప్ అనే ఇద్దరు పండితులు దాన్ని మళ్లీ చదివి ఫలితం ప్రచురించారు. అక్కడ ఉన్నది ఎపియూసియోస్ కాదు, ఎలాయూ. అంటే నూనె.

ఇప్పటికీ పాత వ్యాఖ్యానాల మీద ఆధారపడి ఈ జాబితాను రుజువుగా చూపించేవాళ్లు ఉన్నారు. ఆ రుజువు ఇప్పుడు లేదు. మాట మళ్లీ ప్రార్థనలో ఒంటరిగానే మిగిలింది.

విడగొడితే అర్థం తేలుతుందా?

'అసలు అర్థం' చెప్పేవాళ్లు సాధారణంగా చేసేది మాటను ముక్కలు చేసి, ముక్కల అర్థాలు కలిపి చూపించడం. దీనికి ఎంత పరిమితి ఉందో 'అనుదినం' అన్న మన మాటతోనే చూడవచ్చు. వెయ్యేళ్ల తర్వాత తెలుగూ సంస్కృతమూ దాదాపు కనుమరుగై, ఈ మాట ఒక్క ప్రార్థనలో మాత్రమే మిగిలిందనుకుందాం. అప్పటి పండితుడు దీన్ని అను + దినం అని విడగొడతాడు. 'అనుచరుడు' అంటే వెంట వచ్చేవాడు, 'అనుజుడు' అంటే తర్వాత పుట్టినవాడు కాబట్టి, 'అనుదినం' అంటే తర్వాత వచ్చే రోజు, మరునాడు అని తేలుస్తాడు. వ్యుత్పత్తి ప్రకారం ఆయన తర్కంలో తప్పు పట్టలేం. అయినా అర్థం తప్పు. 'ప్రతిరోజూ' అని మనకు తెలిసింది వాడుక వల్ల.

ఎపియూసియోస్‌కు లేనిది సరిగ్గా ఆ వాడుకే. అందుకే గ్రీకు మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా ఏకాభిప్రాయానికి రాలేదు. ఓరిజెన్ ఆత్మకు సంబంధించిన రొట్టె అన్నాడు. 4వ శతాబ్దంలో అదే గ్రీకులో ప్రసంగించిన యోహాను క్రిసొస్తొము, 'ఎపియూసియోస్ రొట్టె అంటే ఏమిటి? ఒక రోజుకు సరిపడేది' అని తేల్చేసి ముందుకు సాగాడు. ఆయన వాడిన మాట ఎఫెమెరోస్, యాకోబు పత్రికలో ఉన్నదే. లాటిన్‌లో రాసిన అగస్టీను అయితే ఒంటికి కావలసిన తిండి, ప్రభు భోజనం, దేవుని వాక్యం, మూడూ ఇందులో ఉన్నాయన్నాడు. కతోలిక సంఘపు నేటి సత్యోపదేశం కూడా ఒక్క అర్థానికి కట్టుబడకుండా, రోజు అనే అర్థాన్నీ, అవసరం అనే అర్థాన్నీ, ఓరిజెన్ జెరోముల దారినీ పక్కపక్కనే పెట్టి చెబుతుంది.

నా మట్టుకు నాకు, వ్యాకరణం 'ఎపియూస' వైపే ఎక్కువ మొగ్గుతున్నట్టు కనిపిస్తుంది: వచ్చే రోజుకు సరిపడే రొట్టె. ఆ మాట వెనుక నిర్గమకాండము 16లోని మన్నా కథ ఉందని కూడా నమ్ముతాను. ఏ రోజుది ఆ రోజే కూర్చుకోవాలి. మిగుల్చుకుంటే పురుగు పడుతుంది. ఆరో రోజు మాత్రం రేపటిది కూడా ఆ వేళే చేతికి అందుతుంది. 'నేడు', 'రేపటిది' రెండూ ఒకే వాక్యంలో ఇమడటం ఆ కథ తెలిసిన యూదులకు వింతగా తోచి ఉండదు. 'అవసరం' అన్న అర్థానికి కూడా సామెతలు 30:8 అండగా ఉంది: "పేదరికమునైనను ఐశ్వర్యమునైనను నాకు దయచేయకుము, తగినంత ఆహారము నాకు అనుగ్రహింపుము." అందుకని 'అనుదిన' తప్పు అన్న వాదనతో నేను ఏకీభవించను. పాత లాటిన్ నుంచి, క్రిసొస్తొము నుంచి వస్తున్న పాత అవగాహన అది. ఒక అర్థాన్ని ఎంచుకుంది, మిగతావి పక్కన పెట్టింది. ఈ మాటకు ఏ అనువాదమైనా అంతకు మించి చేయలేదు.

తెలుగు బైబిల్లో ఏం జరిగింది?

'ఆహారము' అన్న మాటనే ముందు చూడండి. గ్రీకులో ఉన్నది ఆర్తోస్, రొట్టె. మత్తయి 4:4లో "మనుష్యుడు రొట్టెవలన మాత్రము కాదు" అన్న చోట తెలుగు బైబిలు అదే మాటను రొట్టె అనే ఉంచింది. లూకా 11లో ప్రార్థన అయిన వెంటనే, అర్ధరాత్రి స్నేహితుడి తలుపు తట్టి మూడు రొట్టెలు బదులడిగే మనిషి కథ వస్తుంది. అక్కడా రొట్టెలే. రెండు వచనాల ముందు ప్రార్థనలో మాత్రం అదే ఆర్తోస్ 'ఆహారము' అయింది. రోజూ పలికే ప్రార్థనలో అన్నం తినేవాళ్ల నోటికి ఇమిడే మాట కావాలి. పైగా హెబ్రీలో రొట్టెకు వాడే 'లెహెమ్' తిండి అంతటికీ చెల్లుతుంది. కాబట్టి ఇది న్యాయమైన ఎంపికే.

ఎపియూసియోస్ దగ్గర ఇంకా ఆసక్తికరమైన తేడా ఉంది. మత్తయిలో "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అని ఒకే విశేషణం ఉంది. లూకాలో చూడండి: "మాకు కావలసిన అనుదినాహారము దినదినము మాకు దయచేయుము." ఇక్కడ 'దినదినము'కు గ్రీకులో వేరే పదబంధం ఉంది, దాన్ని పక్కన పెట్టండి. మిగిలిన 'కావలసిన', 'అనుదిన' రెండింటికీ గ్రీకులో ఉన్నది ఒక్క ఎపియూసియోస్ మాత్రమే. మత్తయిలో రోజు అనే అర్థాన్ని ఒక్కదాన్నే తీసుకున్న తెలుగు బైబిలు, లూకా దగ్గరికి వచ్చేసరికి దాని పక్కనే పెషిత్తా నాటి అవసరాన్ని కూడా చేర్చి, రెండు అర్థాలనూ ఒకే వాక్యంలో కూర్చోబెట్టింది.